చాటలో చెరిగిన గుహ

మొదటి రోజు పొద్దున గుహ ముందు ఉన్నవాళ్లు: హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ప్రొఫెసర్, ఆయన జీపు డ్రైవరు, నాగల్‌గిద్ద వైపు నుంచి కూలికి వచ్చిన ఆరుగురు ఆడవాళ్లు, నేను. ఉన్న సామాను: కందులు ఆగే జల్లెడ, జొన్నలు ఆగే జల్లెడ, దోమల జాలీ బిగించిన జల్లెడ, రెండు తాపీలు, పెయింటు వేసే బ్రష్షులు, నూలు దారం ఉండ, ఇనుప మేకులు, ఉతికి ఆరేసిన యూరియా సంచులు, వాటి మూతులకు కట్టే అట్టముక్కలు, బ్యాటరీ లైటు, ఆడవాళ్ల చాటలు, వాళ్ల రొట్టె మూటలు. గుహ కప్పుకు వేలాడుతూ కందిరీగల గూడు ఒకటి. రావలసి ఉండి రానిది: నీళ్ల ట్యాంకరు.

కోపం చల్లారాక రాద్దామని కొన్నేళ్లు ఆగాను. చల్లారలేదు. అందుకని ఇలాగే రాస్తున్నాను.

అది 2009 ఎండాకాలం. భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తి చేసి, ఉద్యోగం లేక, నారాయణఖేడ్‌లో ఇంటి దగ్గరే ఉన్నాను. మా ఊరిని అందరం ఖేడ్ అనే అంటాం. ఆ గుహ నాకు తెలిసింది అంతకు ముందటి సెలవుల్లో. మనూర్ దాటి నాగల్‌గిద్దకు పోయే దారిలో, కంది చేల మధ్య ఒక ఎర్రరాయి గుట్ట ఉండేది. పెద్ద ఎత్తేమీ కాదు. పడమటి వైపు దానికో బొక్క. పాక్కుంటూ కొంత దూరం పోతే లోపల మనిషి నిలబడేంత గది వచ్చేది. చుట్టుపక్కలవాళ్లు దాన్ని ముళ్లపంది బొక్క అనేవాళ్లు. పేరు సరిగ్గానే పెట్టారు. ముళ్లపందికి ఎముకలు పోగేసే అలవాటు ఉంది. దాని పళ్లు పెరుగుతూనే ఉంటాయి కనుక వాటిని అరగదీసుకోవడానికి దొరికిన ఎముకనల్లా ఈడ్చుకొచ్చి కొరుకుతుంది. ఆ గదిలో గోడవారగా, మట్టిలో సగం కూరుకుపోయి, నాకొక దవడ దొరికింది. దాని అంచు మీద దువ్వెనతో గీసినట్టు పక్కపక్కనే ముళ్లపంది పంటిగీతలు. దవడ గుర్రానిది. చేతిలోకి తీసుకోగానే తెలిసింది, అది మొన్నటి ఎముక కాదు, రాయి అయిపోయిన ఎముక.

మామూలుగా ఎర్రరాయి గుట్టల్లో ఎముక మిగలదు. ఆ రాతిలోంచి దిగే నీరే దాన్ని తినేస్తుంది. ఇక్కడ మాత్రం ఎప్పుడో నల్లరేగడి కొట్టుకొచ్చి లోపల పొరలు పొరలుగా పేరుకుంది. దానితోపాటు సున్నం వచ్చి గడ్డలు కట్టింది. ఆ సున్నం ఎముకలను కాపాడింది. అంతా మంచుయుగం నాటి సంగతి. మంచుయుగమంటే మా దగ్గర మంచు కురిసిందని కాదు. ఎక్కడో ఉత్తరాన మంచు పెరిగినప్పుడు ఇక్కడ వానలు తగ్గాయి, అడవి పలచబడింది, గడ్డి బీళ్లలో అడవి గుర్రాలు, అడవి ఎద్దులు, మనుబోతులు తిరిగాయి. ఇదంతా ఆ ఆడవాళ్లకు మొదటి రోజే చెప్పాను. ఏం తవ్వుతున్నారో తవ్వేవాళ్లకు తెలియాలని నా పట్టుదల. వాళ్లలో ఒకామెకు అరవై దాటి ఉంటాయి. మిగతా అయిదుగురూ ఆమె మాట మీదే నడిచేవాళ్లు. అందరిలాగే నేనూ ఆమెను అవ్వా అనేవాణ్ణి.

“మంచా? ఖేడ్లనా?” అంది అవ్వ. “కరెంటు లేక ఫ్రిజ్జులనే కట్టదు గదా బిడ్డా.”

“మంచు ఈడ గాదు అవ్వా. మంచు దూరం ఉండె. ఈడ కరువు ఉండె.”

“గట్ల జెప్పు. గదైతె ఇప్పుడు గూడ ఉన్నది. గుర్రాలే లేవు.”

ఆ గుట్టను పట్టాదారు ఎర్రరాయి ఇటుకలు కోసుకోవడానికి ఒక కాంట్రాక్టరుకు ఇచ్చాడు. గనుల ఆఫీసులో దరఖాస్తు పడింది. సంగతి తెలిసి, నేను దవడ ఫొటోలు జతచేసి అర్జీ పెట్టాను. ఆఫీసువాళ్లు విశ్వవిద్యాలయాన్ని అభిప్రాయం అడిగారు. లోపలి పొరలు చెదరకుండా ఉన్నాయనీ, వాటిలో చదవదగ్గ అవశేషాలు ఉన్నాయనీ నిపుణుడు రాసిస్తే గుహను, దాని చుట్టూ కొంత జాగాను కోతలోంచి తీసేస్తారు. రాయకపోతే గుట్ట మొత్తం ఇటుకలైపోతుంది. ఆ నిపుణుడు మా ప్రొఫెసర్. ఆ గుహ ఉండాలి, అంతే నేను కోరుకున్నది. దాన్ని నేనే తవ్వాలని కాదు. నాకన్నా తెలిసినవాళ్లు నిదానంగా, తగినన్ని నీళ్లతో, పదేళ్లయినా తవ్వాలి.

కాంట్రాక్టరు తరఫున పనులు చూసే మున్షీ మొదటి రోజే వచ్చాడు. దవడను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

“గిది మా తాత ఎద్దుది. కరువుల సచ్చింది. దీనికి సైంటిస్టులు గావాల్నా?”

“ఎద్దుది గాదు, గుర్రానిది,” అన్నాను.

“అయితె మా తాత గుర్రమే. మావోళ్లు అప్పట్ల ఉన్నోళ్లు.”

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆఫీసులో ఆ వాదన నిలుస్తుందని నాకు తెలుసు. పెద్ద ఎముక ఎక్కడినుంచైనా వచ్చి ఉండొచ్చు. ముళ్లపంది మట్టి తోడి పైదాన్ని కిందికి తోసి ఉండొచ్చు. చిన్న ఎముకల సంగతి అలా కాదు. గుహ నోటి పైన రాతి అరుగు మీద గుడ్లగూబలు కూర్చునేవి. ఇప్పటికీ కూర్చుంటున్నాయి. అవి ఎలుకను మింగి, అరగని ఎముకలను, వెంట్రుకలను ఉండ చేసి కక్కుతాయి. ఉండ విడిపోతే అందులోని పళ్లు ఏ కాలానివి ఆ కాలపు మట్టిలో పడతాయి. ఒక్కో జాతి ఎలుకకు పంటి గీత వేరు. ఎండు బీళ్లలో బతికే ఎలుకలు వేరు, తడి నేల వెతుక్కునే పందికొక్కు వేరు. కింది పొరలో ఏవి ఎక్కువ, పై పొరలో ఏవి ఎక్కువ అని వరసగా లెక్క తేలితే పొరలు చెదరలేదని రుజువవుతుంది. ఏ కాలంలో ఇక్కడ వాన ఎలా ఉండేదో కూడా తెలుస్తుంది. మున్షీగారి తాత ఎలుకలను పెంచాడని ఎవరూ అనలేరు.

ఆ పళ్లు ఆవగింజంత ఉంటాయి. కొన్ని అంతకన్నా చిన్నవి. అవి దొరకడానికి దారి ఒక్కటే. ఏ పొర మట్టిని ఆ పొర సంచిలోనే కట్టాలి. నీళ్లలో నానబెట్టి, దోమల జాలీ మీద పోసి, మెల్లగా కడగాలి. జాలీ మీద మిగిలినదాన్ని ఆరబెట్టి, భూతద్దం కింద సూదితో ఏరాలి. ఇది నాకు క్లాసులో నేర్పింది ఆ ప్రొఫెసరే. ‘పొర తెలియని ఎముక ఉత్త ఎముక’ అని బోర్డు మీద రాయించిందీ ఆయనే.

ట్యాంకరు ఆ రోజు రాలేదు. పెండ్లికి పోయిందన్నారు. మర్నాడు టైరు పగిలిందన్నారు. ఆ తరువాత ట్యాంకరు డ్రైవరు ఫోనులో నిజం చెప్పాడు. మనూర్ దగ్గరి తండాల్లో తాగడానికి నీళ్లు లేక అక్కడ పోస్తున్నాడట. ఆ మాట విన్నాక అతని మీద కోపం తెచ్చుకోలేకపోయాను. మనుషులు తాగే నీళ్లను మట్టి కడగడానికి ఎవరైనా ఎట్లా అడుగుతారు?

“సార్, సంచులు మూతులు కట్టి పెట్టేద్దాం,” అన్నాను ప్రొఫెసర్‌తో. “వానలు పడ్డాక కడుగుదాం. సంచిలో ఉన్నంత కాలం పొర ఎక్కడికీ పోదు.”

“వానల దాకా ఇక్కడ ఎవరుంటారయ్యా? నాకు ఢిల్లీలో సదస్సు ఉంది. ఈ వారంలో తేల్చేయాలి.”

ఆయన తేల్చేసిన తీరు ఇదీ. మధ్యాహ్నం రొట్టెలు తిన్నాక అవ్వ చాట ముందేసుకుంది. సాయంత్రాలు ఖేడ్‌లో కందుల వ్యాపారి దగ్గర వాళ్లకు చెరిగే పని. పెళ్లలు తగిలిన కందులు కొంగులో కట్టుకొచ్చి, ఇంటికని చెరుగుతోంది. చాట ఎగురుతోంది, దిగుతోంది, పొట్టు ముందుకు జారి గాలిలో పోతోంది, కందులు వెనక్కి చేరుతున్నాయి. ప్రొఫెసర్ చూస్తూ ఉండిపోయాడు. ఆయన మొహంలో వెలుగు వచ్చింది.

“ఆ చేతులు చూశావా? ఇది కదా మన సంప్రదాయ పరిజ్ఞానం. నీళ్లు నీళ్లు అని ఏడుస్తున్నావు. వీళ్ల చేత చెరిగించు.”

“సార్, తేలికైనదాన్ని పారేయడం చాట పని. మనకు కావలసింది ఆ తేలికైనదే.”

“శిలాజం తేలికగా ఎలా ఉంటుంది? అది రాయి. ఎమ్మెస్సీ చేశావు, ఆ మాత్రం తెలియదా?”

“దవడ బరువు సార్. చిట్టెలుక పన్ను ఎంత రాయి అయినా దుమ్ముతోనే ఎగిరిపోతుంది.”

రాతి అరుగు మీద గుడ్లగూబ కక్కిన ఉండ ఒకటి తెచ్చి, విడదీసి, అందులోంచి ఎలుక దవడ తీసి మట్టితో కలిపి అవ్వ చాటలో వేశాను. రెండోసారి ఎగరేసేసరికి అది చాట అంచు దాటి పోయింది. ప్రొఫెసర్‌కు చూపించాను.

“అది కొత్త ఎముక, లోపల డొల్ల,” అన్నాడు. “పాతది పోదు.” అని కెమెరా తీసుకుని ఆడవాళ్లను చాటలు పట్టుకుని వరసగా నిలబడమన్నాడు.

ఆడవాళ్లకు ఈ వాదన నచ్చలేదు. నచ్చకపోవడానికి వాళ్ల కారణం వాళ్లకుంది.

“మేం జెరిగితె ఒక్క గింజ పోదు,” అంది అవ్వ. “ఏండ్ల సంది జేస్తున్నం. గీ పిల్లగాడు మాకు పని రాదంటుండు సారూ.”

“గింజ గాదు అవ్వా. నాకు పొట్టు గావాలె.”

ఆరుగురూ ఒక్కసారి పగలబడి నవ్వారు.

“పొట్టు ఏం జేసుకుంటవు బిడ్డా? ఎద్దువా?”

“సాయిబుల పిల్లగానికి ఎండ గొట్టింది,” అంది ఇంకొకామె. “జర మజ్జిగ పొయ్యుండ్రి.”

నేను ఓడిపోయాను కనుక ఓడినవాడు చేసే ఏర్పాటు చేశాను. యూరియా సంచులు కొన్ని విప్పి కుట్టి మూడు పరదాలు తయారుచేశాను. గాలి వాలులో ఒక్కో పొరకు ఒక్కో పరదా పరిచాను. కింది పొర మట్టి చెరిగినప్పుడు పోయే దుమ్మంతా ఒకదాని మీద, నడిమి పొరది ఒకదాని మీద, పై పొరది ఒకదాని మీద పడాలి. ఏ పొరో రాసి దేని అట్టముక్క దానికి కుట్టాను. పళ్లు ఆ దుమ్ములో ఉంటాయి. వానలొచ్చాక దుమ్మునే కడుక్కుంటాను. ప్రొఫెసర్ “నీ ఇష్టం” అని జీపులోకి పోయి కూర్చున్నాడు. ఆడవాళ్లకు రెండుసార్లు చెప్పాను. వాళ్లు నవ్వుతూనే విన్నారు, చెప్పినట్టే చేశారు. పని నడిచినన్ని రోజులూ ఒక పరదా మీది పిడికెడు దుమ్ము ఇంకోదాని మీద పడలేదు. ఈ మాట వాళ్ల పక్షాన చెప్పాలి.

చివరి రోజు ఆ దుమ్ము ఎత్తడానికి సంచులు తక్కువపడ్డాయి. తేవడానికి ఖేడ్ పోయాను. షేరింగ్ ఆటో నిండేదాకా బస్టాండులో కూర్చుని, మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చాను. గుహ ముందు నేల అద్దంలా ఉంది. చీపురు గీతలు కనిపిస్తున్నాయి. మూడు పరదాలు మడతపెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. దుమ్మంతా ఒకే కుప్ప. కుప్ప అంచులు అరచేత్తో తట్టి, గుండ్రంగా, ముద్దుగా చేశారు.

“ఏం జేసిన్రు అవ్వా గిది?”

“ఊడ్సినం. పని అయిపాయె గదా. రేపటి సంది రావొద్దన్నడు సారు.”

“మూడు మూడుగనే ఉండాలని జెప్పిన గదా!”

“పని నడిసినప్పుడు మూడుగనే ఉంచినం. పని అయినంక కల్లం అట్లనే ఇడిసిపెట్టి పోతరా ఎవ్వరన్న? పొట్టంత ఒక్క తాన జేసి, నేల ఊడ్సి పోవాలె. లేకుంటె మల్లేడు గింజ రాదు.”

అదీ విషయం. మా వైపు కల్లం ఎత్తే రోజు అలాగే చేస్తారు. గింజ ఇంటికి పోయాక పొట్టు చెదిరి ఉంటే అది కల్లాన్ని అవమానించినట్టు. వాళ్లు నిర్లక్ష్యం చేయలేదు. నాకోసం ఎండలో వంగి, అడగని పని, శ్రద్ధగా చేశారు. ఆ శ్రద్ధతో మూడు కాలాలను కలిపి ఒక కుప్ప చేశారు. వేల ఏళ్లుగా విడివిడిగా ఉన్నవి ఒక పూటలో కలిసిపోయాయి. నేను అరిచాను. ఏమేం అన్నానో రాయను, కానీ గట్టిగా అరిచాను. అవ్వ కొంగు నడుముకు దోపుకుని నా ముందుకు వచ్చింది.

“నా మీద ఒర్రకు. నీ సారు గా జీపుల కూసోని సూస్తనే ఉండె. వద్దంటె మేం ఊడుస్తుంటిమా? ఆయన్ను అడుగుపో, దమ్ముంటె.”

అడగడానికి పోయాను. జీపు వేపచెట్టు నీడలో ఉంది, తలుపులు తెరిచి ఉన్నాయి. అక్కడి నుంచి గుహ ముందు నేల మొత్తం కనిపిస్తుంది. ప్రొఫెసర్ ఒళ్లో పేపరు పెట్టుకుని పల్లీలు తింటున్నాడు.

“సార్, వాళ్లు మూడు పొరలూ కలిపేశారు.”

“చూశాను.”

“మరి ఆపలేదేం సార్?”

“పొట్టులో ఏముంటుందయ్యా? అయినా వాళ్లంత భక్తిగా ఊడుస్తుంటే ఎందుకు ఆపడం? బాధపడతారు.”

‘పొర తెలియని ఎముక ఉత్త ఎముక’ అని బోర్డు మీద రాయించిన మనిషి. నాకు అవ్వ మీద వచ్చిన కోపం సాయంత్రానికి పోయింది. ఈయన మీద వచ్చింది ఇప్పటికీ అక్కడే ఉంది. తెలియక చేసినవాళ్లను క్షమించడం పెద్ద పనేమీ కాదు. తెలిసినవాడు పల్లీలు నములుతూ చూడటం వేరు. వాళ్లు బాధపడతారని ఆపలేదట. ఆ వారమంతా వాళ్లలో ఒక్కరి ఊరేదో కూడా అడగని మనిషి ఆ మాటన్నాడు.

నిపుణుడి అభిప్రాయం ఆఫీసుకు చేరిందని తెలిసి పోయాను. గుమాస్తా మంచివాడే. ఫైలు నాకివ్వలేదు గానీ చదివి వినిపించాడు. పెద్ద జంతువుల ఎముకలు కొన్ని దొరికాయి. పొరలు చెదిరి ఉన్నాయి. చిన్న జంతువుల అవశేషాలు లేవు. స్థలాన్ని కాపాడవలసిన అవసరం కనబడదు. చాట గురించి ఒక్క ముక్క లేదు. నీళ్లు రాలేదన్న మాట లేదు. పొరలను చెదరగొట్టింది ఎవరో లేదు. అదే చాటల ఫొటో ఢిల్లీ సదస్సులో పెద్ద బొమ్మగా పెట్టారని, పరిశోధనలో ప్రజల భాగస్వామ్యం అని కింద రాశారని, నా జూనియరు ఒకడు తరువాత చెప్పాడు. చాలా మెచ్చుకున్నారట.

“ఏం లేదని రాసిండు గదనయ్యా. ఇంకేంది?” అన్నాడు గుమాస్తా.

“తప్పు రాసిండు.”

“నువ్వెవరు?”

“ఎమ్మెస్సీ చేసిన.”

“ఆయన ప్రొఫెసర్.”

“నేను ఆధారం దెస్త.”

“తే. ఎవరు వద్దన్నరు? గని ఆయన సంతకంతోనే తేవాలె. మేం అడిగింది ఆయన్ను. మాట మార్చుకుంటె ఆయనే మార్చుకోవాలె.”

ఆధారానికి ఒక దారి మిగిలి ఉంది. గుహ తవ్వేటప్పుడు ఒక మూల తవ్వకుండా నిలువు దిమ్మె వదలడం పద్ధతి. తరువాత వచ్చేవాళ్లు సరిచూసుకోవడానికి. ఈ ఒక్క పద్ధతిని ప్రొఫెసర్ పాటించాడు, అది కూడా ఆ మూల కందిరీగలు ఉన్నాయని. కందిరీగల కింద మూడు పొరలూ పై నుంచి కిందిదాకా చెక్కుచెదరకుండా ఉన్నాయి. నేనొక్కణ్ణే పోయి, మొహానికి తువ్వాలు చుట్టుకుని, పై నుంచి ఒక్కో పొర తీసి, ఏ సంచిలోది ఆ సంచిలో కట్టాను. ఆటోలో కాళ్ల దగ్గర పెట్టుకుని ఖేడ్ చేరవేశాను.

“ఏంది భాయ్ అది?” అన్నాడు పక్కన కూర్చున్నతను.

“మట్టి.”

“ఖేడ్ల మట్టి లేదా? నాగల్‌గిద్ద నుంచి తెస్తున్నవ్?”

మా వీధిలో నల్లా నాలుగైదు రోజులకోసారి వచ్చేది. నేను బకెట్టు పట్టుకోగానే అమ్మీ గుమ్మంలో నిలబడింది.

“పీనేకూ పానీ నై, మట్టీకూ నహలారా క్యా రే?”

తాగడానికి నీళ్లు లేవు, మట్టికి స్నానం చేయిస్తున్నావా అని. ఆమెకు గుర్రాలు, గుడ్లగూబలు, గనుల ఆఫీసు అన్నీ చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు. బట్టలు జాడించిన నీళ్లు పారబోయకుండా డ్రమ్ములో పట్టి, “ఇదైతే తీసుకో” అంది. మంచుయుగపు మట్టిని మా ఇంటి బట్టలు జాడించిన నీళ్లలో కడిగాను. సబ్బు వల్ల నష్టం లేదు. సబ్బు నీళ్లలో రేగడి ఇంకా తొందరగా విడిపోయింది.

జాలీ మీద మిగిలినదాన్ని పళ్లెంలో ఆరబెట్టి భూతద్దం పెట్టాను. కింది పొర సంచిలోంచి మొదటి పన్ను వచ్చింది. తేనె రంగు, మీద అలల్లాంటి గీతలు, ఎండు బీళ్ల ఎలుకది. తరువాత ఇంకోటి. తరువాత వరసగా వచ్చాయి. పై పొరలో ఆ ఎలుకలు తగ్గిపోయి పందికొక్కులు మొదలయ్యాయి. నడిమి పొరలో రెండూ కలిసి ఉన్నాయి. మార్పు ఎంత శుభ్రంగా ఉందంటే, చెదిరిన పొరల్లో అట్లా రానే రాదు. అమ్మీ కూడా భూతద్దంలో చూసి, ఎలుక పళ్ల కోసమా నా నీళ్లు అని నవ్వింది. ఏ జాతివి ఆ జాతివి, ఏ పొరవి ఆ పొరవి హోమియో మందుల సీసాల్లో వేశాను.

ప్రొఫెసర్‌కు ఫోను చేశాను. మొత్తం విన్నాడు. మధ్యలో ఒకసారి “అవునా?” అన్నాడు. ఆ అవునాలో నిజమైన ఆసక్తి ఉంది. అందుకే ఆశపడ్డాను.

“ఎవరి అనుమతితో తవ్వావు?” అన్నాడు చివర.

“మిషన్లు వచ్చేస్తాయి సార్. టైము లేదు.”

“సరేలే. ఆ పళ్లన్నీ నాకు పంపు. పేపరు రాద్దాం.”

“గనుల ఆఫీసుకు ఎప్పుడు రాస్తారు సార్?”

“అది అయిపోయిన వ్యవహారం. ఇప్పుడు మారిస్తే నా పేరేం కావాలి? ఇది వేరే, అది వేరే. పేపర్లో నీకు కృతజ్ఞతలు చెబుతాను, భయపడకు.”

“ముందు ఆఫీసుకు రెండు లైన్లు రాయండి సార్. ఆ రోజే పంపిస్తా.”

“షరతులు పెడుతున్నావా నాకు?”

ఫోను పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు.

నేను పళ్లు పంపలేదు. పంపి ఉంటే పేపరు వచ్చేది, గుట్ట మాత్రం మిగిలేది కాదు. గుహలో ఏమీ లేదని సంతకం చేసిన చేత్తోనే ఆ గుహ గురించి పేపరు రాసేవాడు. దానికి నా చేత్తో సీసాలు అందివ్వదలచుకోలేదు. అవి తీసుకుని నేనే ఆఫీసుకు పోయాను. గుమాస్తా భూతద్దంలో చాలాసేపు చూశాడు.

“ముద్దుగున్నయి,” అన్నాడు. “సంతకం ఏది?”

సీసాలు మూతలు బిగించి నా వైపు జరిపాడు.

వానలు మొదలు కాకముందే రాయి కోసే మిషను వచ్చింది. నేను పోయేసరికి పడమటి వైపు గుట్ట లేదు. బొక్క ఉన్న చోట నిలువుగా కోసిన ఎర్రటి గోడ, దాని ముందు చదరంగా పేర్చిన ఇటుకలు. కోసిన దుమ్ము ఎత్తిపోసే పనికి మున్షీ అవ్వ ముఠానే పిలిచాడు. ఆ రోజు వాళ్లు ఊడ్చిపెట్టిన కుప్పను కూడా అందులోనే కలిపి రోడ్డుకు తోలారట. అవ్వ నన్ను చూసి తట్ట దించింది.

“గా ఎలుక పండ్లు దొర్కినయా బిడ్డా?”

“దొర్కినయి.”

“మరి మిషను ఎందుకు ఆపలే?”

“మా సారు సంతకం పెట్టలే.”

“గాయనకేం పోయింది, ఒక సంతకానికి?”

ఇప్పటికీ అది నాకు అర్థమైందని చెప్పను. మున్షీ కేకేయడంతో ఆమె తట్ట ఎత్తుకుని పోయింది.

ఈ లెక్క ఎక్కడా అచ్చు కాలేదు. అందుకని ఇక్కడ వేస్తున్నాను. కింది పొరలో ఎనభై మూడు. నడిమి పొరలో నలభై మూడు. పై పొరలో అరవై ఒకటి. మొత్తం నూట ఎనభై ఏడు పళ్లు.